తమంతట తాము ఈదే సూక్ష్మయంత్రాలు: హానికర బాక్టీరియాతో కొత్త పోరాటం



ఈనాటి మన పాఠ్యాంశం కంటికి కనిపించనంత చిన్న యంత్రాలకు సంబంధించినది. ఇవి నీటిలోనూ, కడుపులోని జీర్ణరసంలోనూ, ఊపిరితిత్తులలోని ద్రవంలోనూ ఈదుకుంటూ పోయి, హాని చేసే బాక్టీరియా ఉన్నచోటికే మందును మోసుకెళతాయి. ఈ పాఠంలో వీటిని సూక్ష్మచాలకాలు అని పిలుచుకుందాం. వినగానే సినిమా కథలా తోచవచ్చు. కాని 2004 నుంచి ఇలాంటివి ప్రయోగశాలల్లో నిజంగానే కదులుతున్నాయి. అలాగని ఇవి మందుల షాపులో దొరికే వస్తువులు కావు. ఈ రెండు విషయాలనూ గుర్తు పెట్టుకుని పాఠంలోకి వెళదాం.

ఈ రోజు మూడు ప్రశ్నలకు సమాధానం వెతుకుదాం. ఇలాంటి యంత్రాల అవసరం ఎందుకు వచ్చింది? అంత చిన్న వస్తువు ద్రవంలో ఎలా కదులుతుంది? ఇప్పటివరకు ఇది ఏమి సాధించింది, ఇంకా ఏమి సాధించవలసి ఉంది?

1. ఢిల్లీ పేరు మోస్తున్న జన్యువు

మొదటి ప్రశ్నకు సమాధానం మనం కూర్చున్న ఈ ఢిల్లీ నగరంలోనే ఉంది.

భారత సంతతికి చెందిన ఒక స్వీడన్ వాసి మన దేశానికి వచ్చి, ఇక్కడ ఆసుపత్రిలో చికిత్స పొంది, తిరిగి స్వీడన్ చేరారు. 2008లో అక్కడి వైద్యులు ఆయన మూత్రంలో క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బాక్టీరియాను కనుగొన్నారు. దానిపై కార్బపెనెమ్ జాతి మందులు కూడా పనిచేయలేదు. కార్బపెనెమ్‌లు అంటే మామూలు యాంటీబయాటిక్‌లు విఫలమైనప్పుడు వైద్యులు చివరి ఆయుధంగా వాడేవి. ఆ బాక్టీరియా తయారుచేస్తున్న ఒక ఎంజైమ్, జింకు అయాన్ల సాయంతో, మందు అణువులోని కీలకమైన వలయాన్ని తెంచివేస్తున్నదని తేలింది. 2009లో ప్రచురితమైన పరిశోధన పత్రంలో ఈ ఎంజైమ్‌కు న్యూఢిల్లీ మెటాలో బీటా లాక్టమేజ్ అని పేరు పెట్టారు. పొట్టిగా ఎన్.డి.ఎమ్-1.

ఈ పేరుపై మన దేశంలో పెద్ద అభ్యంతరమే వచ్చింది. ఒక నగరాన్ని నిందించినట్టు ఉన్నదని చాలామంది బాధపడ్డారు. ఆ బాధను అర్థం చేసుకోవచ్చు. అయితే ఈ రంగంలో ఊరి పేర్లు పెట్టడం అంతకుముందు నుంచీ ఉంది. ఇటలీలోని వెరోనా పేరుతో ఒక ఎంజైమ్, బ్రెజిల్‌లోని సావో పాలో పేరుతో మరొకటి అప్పటికే ఉన్నాయి. పేరు సంగతి ఎలా ఉన్నా, మనం పట్టించుకోవలసింది ఆ తరువాత జరిగిన పరిశోధనను.

2010 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో న్యూఢిల్లీ నడిబొడ్డు నుంచి 12 కిలోమీటర్ల పరిధిలో, వీధుల్లో నిలిచిన ఊటనీటి నమూనాలు 171, కుళాయి నీటి నమూనాలు 50 సేకరించారు. టిమోతీ వాల్ష్ బృందం వాటిని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించింది. ఊటనీటి నమూనాల్లో 51లోనూ, కుళాయి నీటి నమూనాల్లో 2లోనూ ఈ జన్యువు కనిపించింది. కలరాను కలిగించే విబ్రియో, రక్తవిరేచనాలను కలిగించే షిగెల్లా జాతుల్లోనూ అది ఉంది. అంటే అప్పటికే ఆ జన్యువు ఆసుపత్రి గోడలు దాటి వీధిలోకి వచ్చిందన్నమాట.

ఒక జన్యువు ఒక జాతి బాక్టీరియా నుంచి మరో జాతికి ఎలా వెళుతుంది? బాక్టీరియాలో ప్రధాన క్రోమోజోము కాక, ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఎ. వలయాలు ఉంటాయి. రెండు బాక్టీరియాలు తాకినప్పుడు ఒకటి తన ప్లాస్మిడ్ నకలును రెండోదానికి అందించగలదు. పక్కింటివారి దగ్గర తోడు తెచ్చుకుని పెరుగు వేసుకున్నట్టే! ఎన్.డి.ఎమ్-1 జన్యువు ప్లాస్మిడ్ మీదనే ప్రయాణిస్తుంది. ఈ మార్పిడి 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎక్కువ చురుగ్గా జరుగుతున్నదని కూడా ఆ పరిశోధనలో తేలింది. ఢిల్లీలో సంవత్సరంలో ఎన్ని నెలలు ఆ ఉష్ణోగ్రత ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇది ఒక్క ఢిల్లీ సమస్య మాత్రమే కాదు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో, సుమారు 90 మందుల తయారీ కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో వివరాలు ప్రచురించింది. ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. అలాంటి నీటిలో సున్నితమైన బాక్టీరియా చచ్చిపోతాయి, మందును తట్టుకోగలిగినవి మిగిలి పెరుగుతాయి. మొండి బాక్టీరియాకు మనమే నారుమడి వేసి పెంచినట్టు అవుతుంది.

ప్రపంచమంతటా లెక్క వేస్తే, 2019లో మందులకు లొంగని బాక్టీరియా నేరుగా కారణమైన మరణాలు సుమారు 12 లక్షల 70 వేలు అని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా కట్టింది. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 నోబెల్ ఉపన్యాసంలోనే, చాలీచాలని మోతాదులో మందు వాడితే బాక్టీరియా దానికి అలవాటుపడుతుందని హెచ్చరించారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధన విభాగానికి సారథ్యం వహించిన కాలంలోనే, బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. అది 1948లో వెలుగులోకి వచ్చింది. ఆ తరం అంత శ్రమపడి అందించిన ఆయుధాలు మన తరంలో మొద్దుబారిపోతున్నాయి.

2. మందు ఎందుకు చేరదు?

కొత్త మందు కనిపెట్టడం ఒక మార్గం. అది జరుగుతూనే ఉండాలి. దానితోపాటు మరో ప్రశ్న కూడా వేసుకోవచ్చు. ఉన్న మందు బాక్టీరియా దాకా సరిగ్గా చేరుతున్నదా?

మనం ఒక మాత్ర మింగినప్పుడు మందు రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. పుండు ఒకచోట ఉంటే మందు అన్నిచోట్లకూ పోతుంది. పేగుల్లో మనకు మేలుచేసే బాక్టీరియా కూడా దెబ్బతింటుంది. కొంత మందు మూత్రం ద్వారా మురుగుకాలువలో చేరుతుంది. అసలు శత్రువు ఉన్నచోట మాత్రం ఒక్కోసారి చాలినంత చేరదు.

దీనికి ఒక కారణం బయోఫిల్మ్, అంటే జీవపొర. నీళ్ళకుండ లోపల కొన్నాళ్ళకు జిగటగా పట్టే పాచిని తాకి చూశారా? పళ్ళమీద పొద్దున్నే తగిలే పాచి కూడా అలాంటిదే. బాక్టీరియా గుంపుగా చేరి, చక్కెర పదార్థాలూ, ప్రోటీనులూ కలిసిన జిగురును స్రవించి, దానిలో కాపురం పెడుతుంది. ఆ జిగురు లోపలికి మందు తేలికగా చొరబడదు. లోపలున్నవి మందకొడిగా జీవిస్తాయి కాబట్టి మందు ప్రభావం కూడా వాటిమీద తక్కువ. స్వేచ్ఛగా ఈదే బాక్టీరియాను చంపే మోతాదుకు కొన్ని సందర్భాలలో వందల రెట్లు వాడినా ఈ పొరలోనివి చావవు.

రెండో కారణం కదలికకు సంబంధించినది. ఇక్కడ కొద్దిగా లెక్క చేద్దాం. ద్రవంలో అణువులు ఎటుపడితే అటు చిందులు వేస్తూ నెమ్మదిగా పరచుకుంటాయి. దీనిని విసరణం అంటాం. విసరణంలో దూరం 10 రెట్లు పెరిగితే, పట్టే సమయం 100 రెట్లు పెరుగుతుంది. కదలని నీటిలో ఒక మామూలు మందు అణువు 10 మైక్రోమీటర్ల దూరం సాగడానికి సెకనులో పదోవంతు చాలు. 1 మిల్లీమీటరుకు సుమారు 17 నిమిషాలు పడుతుంది. 1 సెంటీమీటరుకు ఒక రోజు దాటుతుంది.

ఇప్పుడు అణువుకు బదులు, మందును నింపిన 1 మైక్రోమీటరు వ్యాసం గల చిన్న గోళీని ఊహించుకోండి. అది అణువు కంటే ఎంతో పెద్దది కాబట్టి దాని విసరణం ఇంకా మందం. 1 మిల్లీమీటరు సాగడానికి దానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. అదే గోళీకి సెకనుకు 10 మైక్రోమీటర్ల వేగంతో తిన్నగా నడిచే శక్తి ఉంటే? ఆ మిల్లీమీటరును 100 సెకన్లలో దాటేస్తుంది. రెండు వారాలు ఎక్కడ, 100 సెకన్లు ఎక్కడ! సూక్ష్మచాలకాల ఆలోచన వెనుక ఉన్న అసలు లెక్క ఇదే.

3. బెల్లం పాకంలో ఈత

అంత చిన్న వస్తువును కదిలించడం మాత్రం సులువు కాదు. పెద్ద పడవను చిన్నగా చేసి నీటిలో వదిలితే పనిచేయదు. ఎందుకో చూద్దాం.

మనం చెరువులో ఈదేటప్పుడు ఒకసారి చేతులు వేసి ఆగినా, ఒళ్ళు కొంతదూరం ముందుకు సాగుతుంది. ఇది జడత్వం వల్ల జరుగుతుంది. నీటి స్నిగ్ధత, అంటే జిగటతనం, మనల్ని వెనక్కి పట్టుకోవడానికి ప్రయత్నిస్తుంది కాని మన బరువు ముందు అది ఆనదు. జడత్వానికీ స్నిగ్ధతకూ ఉన్న నిష్పత్తిని రేనాల్డ్స్ సంఖ్య అంటారు. ఈదే మనిషికి ఇది చాలా ఎక్కువగా ఉంటుంది. బాక్టీరియాకు ఒకటిలో లక్షవంతు దాకా పడిపోతుంది. దాని పరిమాణంలో చూస్తే నీరే బెల్లం పాకం. పాకంలో పడిన చీమ కాళ్ళు ఆడించడం ఆపిందంటే అక్కడికక్కడే ఆగిపోతుంది కదా! అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ 1977లో ప్రచురితమైన తన ప్రసిద్ధ ప్రసంగంలో దీనిని లెక్కకట్టి చూపారు. ఈదుతున్న బాక్టీరియా ఈత ఆపితే అది సాగే దూరం ఒక పరమాణువు వ్యాసం కంటే కూడా తక్కువ.

పర్సెల్ మరో సంగతీ చెప్పారు. ఆల్చిప్ప తన రెండు డిప్పలను మెల్లగా తెరిచి గబుక్కున మూస్తూ, నీటిని వెనక్కి చిమ్మి ముందుకు పోతుంది. సూక్ష్మలోకంలో ఈ పద్ధతి పనికిరాదు. తెరిచినప్పుడు ఎంత వెనక్కి పోతుందో, మూసినప్పుడు అంతే ముందుకు వచ్చి ఉన్నచోటనే ఉంటుంది. వేగంగా మూసినా, మెల్లగా మూసినా తేడా ఉండదు. కాబట్టి అక్కడ ఈదాలంటే వెనక్కి తిప్పితే అదే ఆట కాని కదలిక కావాలి. బాక్టీరియా దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టింది. దాని కశాభం మరచుట్టులా గిర్రున తిరుగుతుంది. బిరడాలోకి మర దిగినట్టు అది నీటిలోకి దిగుతుంది.

మనిషి చేసిన సూక్ష్మచాలకాలు ప్రధానంగా మూడు దారులు పట్టాయి.

మొదటి దారి రసాయన శక్తి. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో థామస్ మాలూక్, మన ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అయుష్మాన్ సేన్, వారి సహచరులు 2004లో ఒక ప్రయోగం ప్రకటించారు. 2 మైక్రోమీటర్ల పొడవున్న కడ్డీలో ఒక సగం ప్లాటినం, మరో సగం బంగారం. దానిని హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన నీటిలో వేస్తే, సెకనుకు తన పొడవుకు కొన్ని రెట్ల దూరం పరిగెత్తింది. లోహం ఉత్ప్రేరకంగా పనిచేసి పెరాక్సైడ్‌ను విడగొడుతుంది. రెండు కొసల్లో జరిగే చర్యలు వేరు కావడంతో కడ్డీ చుట్టూ ద్రవం ప్రవహించి, కడ్డీ ముందుకు కదులుతుంది. చుట్టూ ఉన్న ద్రవమే ఇంధనమన్నమాట.

రెండో దారి అయస్కాంత శక్తి. పీర్ ఫిషర్‌తో కలిసి అమెరికాలో పనిచేస్తూ అంబరీష్ ఘోష్ 2009లో గాజు పదార్థంతో అతిచిన్న మరచుట్టులు తయారుచేసి, వాటికి అయస్కాంత లోహం పూశారు. బయట అయస్కాంత క్షేత్రాన్ని తిప్పితే అవి కశాభంలా తిరుగుతూ ముందుకు పోయాయి. అంబరీష్ ఘోష్ తరువాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఈ పనిని కొనసాగించారు. నిక్కచ్చిగా చెప్పాలంటే ఇవి తమంతట తాము కదిలేవి కావు, బయటి క్షేత్రం నడిపేవి. కాని వీటికి ఒక పెద్ద లాభం ఉంది. ఎటు పోవాలో మనం చెప్పవచ్చు. రసాయన శక్తితో నడిచే 1 మైక్రోమీటరు గోళీ, చుట్టూ ఉన్న నీటి అణువుల తోపులాటలో ఒక సెకను గడిచేసరికి తన దిశను మరచిపోతుంది. అందువల్ల చాలామంది పరిశోధకులు కదలడానికి రసాయన శక్తి, దారి చూపడానికి అయస్కాంతం అని రెండింటినీ జతచేస్తున్నారు.

మూడో దారి ప్రకృతి చేసిన ఈతగాళ్ళనే వాడుకోవడం. చెరువుల్లో పెరిగే క్లామిడోమోనాస్ అనే ఆకుపచ్చ శైవలం మీ జీవశాస్త్ర పుస్తకంలో ఉంటుంది. అది రెండు కశాభాలతో చకచకా ఈదుతుంది. దాని వీపున మందు మూట కట్టి పంపడమే ఈ దారి.

4. ప్రయోగశాలలో సాధించినది

ఇప్పుడు బాక్టీరియా మీద వీటిని వాడి చూసిన నాలుగు ప్రయోగాలను పరిశీలిద్దాం.

మొదటిది కడుపులో. హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కడుపు పుండ్లకు కారణమని చూపినందుకు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. దీనికి యాంటీబయాటిక్ ఇచ్చేటప్పుడు, కడుపులోని ఆమ్లం మందును పాడుచేయకుండా ఆమ్లాన్ని తగ్గించే మాత్ర కూడా ఇస్తారు. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వాంగ్, లియాంగ్‌ఫాంగ్ జాంగ్ బృందాలు 2017లో దీనికి వేరే ఉపాయం చూపాయి. సుమారు 20 మైక్రోమీటర్ల మెగ్నీషియం గోళీలపై క్లారిత్రోమైసిన్ మందు పూసి ఎలుకలకు మింగించారు. మెగ్నీషియం ఆమ్లంతో చర్య జరిపి హైడ్రోజన్ బుడగలను వదులుతుంది. ఆ బుడగల తోపుడుతో గోళీ కడుపు గోడవైపు దూసుకుపోతుంది. చర్యలో ఆమ్లం ఖర్చవుతుంది కాబట్టి కడుపులో పులుపు తాత్కాలికంగా తగ్గుతుంది, మందు పాడవదు. ఒక్క చర్యతో రెండు పనులూ జరుగుతున్నాయి గమనించండి. ఆ ఎలుకలలో బాక్టీరియా సంఖ్య, మామూలు పద్ధతిలో మందు ఇచ్చిన ఎలుకలలో కంటే ఎక్కువగా తగ్గింది.

రెండోది జీవపొర మీద. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హ్యూన్ కూ, ఆయన సహచరులు 2019లో ఐరన్ ఆక్సైడ్ రేణువులను వాడారు. ఇవి కొద్దిపాటి హైడ్రోజన్ పెరాక్సైడ్ సమక్షంలో బాక్టీరియాను చంపి, జిగురును కూడా ముక్కలు చేస్తాయి. అంతటితో ఆగకుండా, అయస్కాంతంతో ఆ రేణువులను గుంపుగా నడిపి, విరిగిన చెత్తను ఊడ్చి పారేశారు. ఇంటిముందు కళ్ళాపి చల్లే ముందు చీపురుతో ఊడుస్తాం కదా, అలాగన్నమాట. చచ్చిన పొర అక్కడే మిగిలితే దానిమీద కొత్త బాక్టీరియా మళ్ళీ కాపురం పెడుతుంది.

మూడోది మన దేశంలో జరిగినది, పంటికి సంబంధించినది. పుచ్చిన పంటికి రూట్ కెనాల్ చేసినా, ఎంటెరోకోకస్ ఫీకాలిస్ వంటి బాక్టీరియా పంటిలోని అతిసన్నని గొట్టాలలో దాక్కుని మళ్ళీ బాధ పెడుతుంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2022లో, ఇనుము పూసిన సిలికా మరచుట్టులను అయస్కాంత క్షేత్రంతో ఆ గొట్టాలలోకి నడిపారు. అల్ట్రాసౌండ్, లేజర్ పద్ధతులు సుమారు 800 మైక్రోమీటర్ల లోతు దాకా పనిచేస్తుంటే, ఇవి 2,000 మైక్రోమీటర్ల దాకా వెళ్ళాయి. అక్కడ వాటిని వేడెక్కించి బాక్టీరియాను చంపారు. యాంటీబయాటిక్ అవసరమే లేదు. వేడికి అలవాటుపడడం బాక్టీరియాకు మందుకు అలవాటుపడినంత తేలిక కాదు. పని ముగిశాక క్షేత్రం దిశ మార్చి వాటిని వెనక్కి రప్పించగలిగారు.

నాలుగోది ఊపిరితిత్తులలో. 2022లో శాన్ డియాగో బృందమే క్లామిడోమోనాస్ శైవలానికి మందు నింపిన నానో రేణువులను తగిలించి, సూడోమోనాస్ బాక్టీరియాతో తీవ్రమైన న్యుమోనియా వచ్చిన ఎలుకల శ్వాసనాళంలోకి పంపింది. చికిత్స పొందిన ఎలుకలన్నీ 30 రోజులు దాటి బతికాయి. చికిత్స అందనివి 3 రోజుల్లో చచ్చిపోయాయి. అదే ఫలితం కోసం రక్తనాళంలోకి ఇంజెక్షన్ ఇస్తే సుమారు 3,000 రెట్లు ఎక్కువ మందు కావలసి వచ్చింది. ఈ అంకెను మనసులో ఉంచుకోండి. సూక్ష్మచాలకం ఇచ్చే అసలు వరం ఇదే. తక్కువ మందు చాలితే, ఒంటికి హాని తక్కువ, మురుగులోకి చేరే మందూ తక్కువ.

5. ఇంకా మిగిలిన అడ్డంకులు

ఎలుకలో పనిచేసిన ప్రతిదీ మనిషిలో పనిచేయదు. ఎలుక కడుపు మన బొటనవేలంత. మన శరీరంలో దూరాలు ఎక్కువ. రక్త ప్రవాహం వేగం ముందు సెకనుకు పది మైక్రోమీటర్ల ఈత గోదావరి వరదకు ఎదురు ఈదిన చీమ ఈతే. అందుకే పరిశోధకులు ముందుగా కడుపు, నోరు, ఊపిరితిత్తులు, గాయాలు వంటి చోట్లను ఎంచుకుంటున్నారు.

ఇంధనం మరో చిక్కు. బంగారం ప్లాటినం కడ్డీని పరిగెత్తించేంత హైడ్రోజన్ పెరాక్సైడ్ శరీరంలోని కణాలను కూడా గాయపరుస్తుంది. మెగ్నీషియం ఆ దోషం లేనిది. కాని అది కొద్ది నిమిషాల్లో కరిగి అయిపోతుంది. పని అయ్యాక యంత్రం ఏమవుతుంది? కరిగిపోవాలి, లేదా బయటికి రావాలి. ఒంట్లో పేరుకుపోకూడదు. అది ఎక్కడుందో వైద్యుడికి కనిపించాలి. లక్షల కొద్దీ ఒకే తీరుగా, అందుబాటు ధరలో తయారుకావాలి. ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు దొరికి, మనుషులపై దశలవారీ పరీక్షలు నెగ్గితేనే ఇది చికిత్స అవుతుంది.

మరో మాట. సూక్ష్మచాలకం మోసుకెళ్ళేది పాత మందే అయితే, ఆ మందును విరిచేసే ఎన్.డి.ఎమ్-1 వంటి ఎంజైమ్ దగ్గర అది కూడా ఓడిపోవచ్చు. మందు చేరకపోవడం, చేరిన మందు పనిచేయకపోవడం రెండు వేరు వేరు సమస్యలు. చాలకం మొదటిదానికి నేరుగా పరిష్కారం. రెండోదానికి వేడి, ఘర్షణ, జిగురును చీల్చడం వంటి ఇతర పద్ధతులను అది మోసుకెళ్ళగలిగినప్పుడే ఉపయోగం.

6. యమునలో వదిలితే సరిపోదా?

ఈ పాఠం చెప్పినప్పుడల్లా విద్యార్థులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇవి నీటిలో ఈదుతాయి కదా, తట్టల కొద్దీ యమునలో వదిలేస్తే బాక్టీరియా పోదా?"

మంచి ప్రశ్నే. నీటి శుద్ధి కోసం కూడా ఇలాంటి చాలకాలపై ప్రయోగాలు జరుగుతున్నాయి. అవి బీకరులోని నీటిని కలియబెడుతూ శుభ్రం చేస్తాయి. కాని ఒక నదికి కావలసిన లోహం, ఇంధనం, తిరిగి ఏరుకునే ఏర్పాటు ఊహించండి. ఏరలేకపోతే కాలుష్యంపై మరో కాలుష్యం చేర్చినట్టే. పైగా వజీరాబాదు నుంచి ఓఖ్లా వరకు సుమారు 22 కిలోమీటర్ల మేర యమునలో కలిసే మురుగు రోజూ కొత్తగా వస్తూనే ఉంటుంది. కుళాయి కట్టకుండా నేల తుడిచినట్టు అవుతుంది.

నగరపు నీటికి మందు నగరపాలనలోనే ఉంది. మురుగు శుద్ధి కేంద్రాలు పూర్తిగా పనిచేయడం, మంచినీటి గొట్టంలోకి మురుగు ఊరకుండా చూడడం, కర్మాగారాల వ్యర్థాలపై కాపలా, ఆసుపత్రుల్లో చేతుల శుభ్రత. 2014 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చిన షెడ్యూల్ హెచ్-1 నిబంధన ప్రకారం కార్బపెనెమ్‌లతో సహా కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్‌లను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదు, అమ్మిన వివరాలు దుకాణదారు పుస్తకంలో రాయాలి. 2017లో మన దేశం ఈ సమస్యపై జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. ఇవన్నీ చూడడానికి చప్పగా ఉండే పనులు. కాని ఎన్.డి.ఎమ్-1 వంటి జన్యువు ఒక వీధి నుంచి మరో వీధికి పోకుండా ఆపేవి ఇవే.

కాబట్టి ఈ రెండింటికీ పోటీ పెట్టకండి. జన్యువు ఊరంతా తిరగకుండా చూడడం మురుగుకాలువ పని. ఇప్పటికే ఒంట్లో స్థిరపడిన బాక్టీరియా దగ్గరకు మందును నడిపించడం సూక్ష్మచాలకం పని.

7. మననం, అభ్యాసం

చెప్పుకున్నదాన్ని క్లుప్తంగా గుర్తుచేసుకుందాం. మందులకు లొంగని లక్షణం ప్లాస్మిడ్‌ల ద్వారా జాతి నుంచి జాతికి ప్రయాణిస్తుంది. మందు మాత్రం విసరణం మీద ఆధారపడి మెల్లగా, అన్నివైపులకూ పోతుంది, జీవపొర దగ్గర ఆగిపోతుంది. సూక్ష్మలోకంలో స్నిగ్ధతదే పెత్తనం కనుక అక్కడ ఈదడానికి ప్రత్యేక పద్ధతులు కావాలి. రసాయన శక్తి, అయస్కాంత క్షేత్రం, జీవుల ఈత అనే మూడు దారుల్లో సూక్ష్మచాలకాలు ఎలుకలలోనూ, పళ్ళ నమూనాలలోనూ తక్కువ మందుతో, లేదా మందు లేకుండానే, మంచి ఫలితాలు చూపాయి. మనిషికి చికిత్సగా మారడానికి ఇంకా దూరం ఉంది.

ఇంటిదగ్గర చేయదగిన రెండు పనులు చెబుతాను.

ఒకటి. కిరాణా కొట్టులో దొరికే చైనా గ్రాస్‌ను నీటిలో మరిగించి, గాజు గ్లాసులో పోసి గట్టిపడనివ్వండి. పైన నాలుగు చుక్కల సిరా వేయండి. గంటకు, 4 గంటలకు, 16 గంటలకు రంగు ఎంత లోతు దిగిందో స్కేలుతో కొలవండి. సమయం 4 రెట్లు అయితే లోతు సుమారు 2 రెట్లు మాత్రమే అవుతుందేమో చూడండి. జీవపొర ముందు మందు పడే అవస్థ మీకు కంటికి కనిపిస్తుంది.

రెండు. పెద్దలను పక్కన ఉంచుకుని, మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో అంతే నీరు కలిపి గాజు గ్లాసులో పోయండి. పచ్చి బంగాళాదుంప రసంలో ముంచిన చిన్న వడపోత కాగితపు బిళ్ళను అడుగుకు వదలండి. బంగాళాదుంపలోని ఎంజైమ్ పెరాక్సైడ్‌ను విడగొట్టగా ఆక్సిజన్ బుడగలు పుట్టి, బిళ్ళ దానంతట అదే పైకి లేస్తుంది. రసాన్ని నీటితో పలచన చేసి, లేవడానికి పట్టే సమయాన్ని మళ్ళీ కొలవండి. మీరు చేసినది బుడగలతో నడిచే ఒక చాలకాన్నే. ద్రావణం చేతులకూ కళ్ళకూ తగలకుండా చూసుకోండి.

ఈ రంగంలో రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, దంతవైద్యం ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నాయి. మీలో ఎవరు ఏ సబ్జెక్టు తీసుకున్నా ఇక్కడ పని ఉంది. ఈలోగా ప్రతి ఒక్కరూ చేయగలిగింది ఒకటుంది. జలుబు, మామూలు వైరస్ జ్వరాలకు యాంటీబయాటిక్ అడిగి వేసుకోకండి, అవి వైరస్‌లపై పనిచేయవు. డాక్టరు రాసిన మందును చెప్పినన్ని రోజులు, చెప్పిన మోతాదులో వాడండి. మిగిలిపోయిన మాత్రలను మరొకరికి ఇవ్వకండి. రేపు సూక్ష్మచాలకం మీద ఎక్కించి పంపడానికి పనిచేసే మందు ఒకటి మిగిలి ఉండాలి కదా!